రాత్రి మెలకువ

ఆఖరి ట్రేని ఓవెన్‌లోంచి లాగి బల్ల మీద పెట్టాక గానీ, మడతపెట్టిన గుడ్డ వేళ్ల దగ్గర తొలగిపోయిందని అతను చూసుకోలేదు. బొటనవేలు, చూపుడువేలు కాలే రేకుకు అంటుకునే ఉన్నాయి. చర్మం తెల్లగా ఉబ్బింది. నొప్పి మాత్రం లేదు, అదే అతని భయం. ఎవరూ చూడకముందే వేళ్లను కుళాయి కింద పెట్టి, తుడుచుకుని, బన్నులను పెట్టెల్లో సర్దాడు.

ఇరవై ఏళ్లకు పైగా బేకరీలో రాత్రి పనే. ఊరు తలుపులేసుకునే వేళకు పిండి కలపడం మొదలుపెడతాడు. తెల్లారి జనం టీలో ముంచుకునే బన్ను ఇతని అరచేతి కింద గుండ్రం తిరిగిందే. పొద్దెక్కాక ఇంటికొచ్చి, కిటికీకి అట్ట అడ్డం పెట్టి పడుకుంటాడు. వీధిలో అందరూ గుడ్లగూబ అంటారు. అతను కోప్పడడు. కోప్పడడం అతనికి రాదు, నేర్చుకునే తీరికా దొరకలేదు.

కొన్నాళ్లుగా ఆ పగటి నిద్ర కూడా కరువైంది. కన్నంటుకుంటుందో లేదో, చేతిలో చీమలు పాకినట్టుంటుంది. లేచి కూర్చుని, తడి చెయ్యి విదిలించినట్టు విదిలిస్తాడు. పక్కగదిలో మిషను కుడుతున్న భార్య పని ఆపి వచ్చి మణికట్టు పిసుకుతుంది. గుండీలు అతని వేళ్లకు చిక్కడం మానేశాక చొక్కాలన్నీ మూటగట్టి అటక మీద పడేసి, తలమీంచి తొడుక్కునే బనీన్లు తెచ్చిందీ ఆవిడే.

మణికట్టులో నరం నలిగిపోతోందనీ, కోసి వదులు చేస్తే తప్ప చెయ్యి దక్కదనీ వీధి చివర డాక్టరు ఎప్పుడో చెప్పాడు. సొంత డబ్బుతో చేయించుకునే తాహతు లేదు. ప్రభుత్వ ఖర్చుతో చేస్తారు గానీ, దానికి అర్హత ఉండాలి. ముందు ప్రశ్నలు అడుగుతారు. వాటిలో గట్టెక్కితేనే నరానికి కరెంటు పెట్టి చూస్తారు. ఆ ప్రశ్నలు ఈరోజే.

"అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పు. గొప్పకు పోయి బాగానే ఉందనకు," అంది భార్య ఆసుపత్రి వరండాలో. రోగిని తప్ప ఎవర్నీ లోపలికి రానివ్వరట. ఆవిడ బెంచీ మీద కూర్చుంది.

లోపల కుర్ర డాక్టరమ్మ కంప్యూటర్ వైపు చూస్తూ అడిగింది. ఆ పిల్లను తిట్టడానికేం లేదు. గొంతులో విసుగైనా లేదు. తగలెయ్యాల్సింది ఆ ప్రశ్నలు రాసినవాణ్ని.

"రాత్రిపూట చెయ్యి తిమ్మిరెక్కి నిద్రలోంచి లేస్తుంటారా?"

అతను నిజాయితీగా ఆలోచించాడు. రాత్రి నిద్రపోయి ఎన్నేళ్లయిందో గుర్తురాలేదు.

"లేదమ్మా. రాత్రిళ్లు అలాంటిదేం లేదు."

"చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఇబ్బంది పడుతున్నారా?"

"ఇప్పుడేం ఇబ్బంది లేదమ్మా." చొక్కా వేసుకుంటే కదా ఇబ్బంది.

"వస్తువులేమైనా చేతిలోంచి జారిపోతున్నాయా?"

అతను నిటారుగా కూర్చున్నాడు. జారితే యజమాని ఊరుకుంటాడా? ఏది ఎత్తాలన్నా రెండు చేతులతో ఒడిసిపట్టుకోవడం ఎప్పుడో అలవాటు చేసుకున్నాడు.

"ఒక్కటి కూడా జారనివ్వలేదమ్మా."

కాలిన వేళ్లు బల్ల కిందే ఉండిపోయాయి. చూపించమని ఆమె అడగలేదు, చూపించాలని అతనికి తోచలేదు.

"మీ కార్పల్ టన్నెల్, అదే ఈ నరం నలగడం, ఆపరేషన్ చేసేంత ముదరలేదండీ, మంచిదే కదా," అంది డాక్టరమ్మ నవ్వుతూ. "పట్టీ ఇస్తాను, మణికట్టుకు వేసుకోండి. ఏడాది తర్వాత మళ్లీ అప్లై చేసుకోవచ్చు."

మంచిదేనట!

వరండాలోకి వచ్చి, అడిగినవీ తను చెప్పినవీ పూసగుచ్చినట్టు భార్యకు చెప్పాడు. ఆవిడ ముఖం ఎర్రబడింది.

"రాత్రిళ్లు లేవవా? పడుకుంటే కదయ్యా లేవడానికి! పగలంతా చెయ్యి పట్టుకుని పొర్లుతావే, అది చెప్పొద్దూ?"

"పగటి సంగతి వాళ్లు అడగలేదే."

ఆవిడ అతని రెక్క పట్టుకుని కౌంటరు దగ్గరికి లాక్కెళ్లింది.

"ఈయన గుడ్లగూబని మా వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు. రాత్రంతా పని చేస్తాడు బాబూ. ఈయనకు పగలే రాత్రి. అది కాస్త మార్చండి."

"ఒకసారి కంప్యూటర్‌లో ఎక్కించాక మార్చడం కుదరదమ్మా," అన్నాడు గుమాస్తా. "ఏడాది ఆగండి."

"ఏడాది ఎవరు పెడతారు మాకు తిండి? నీ కంప్యూటర్ పెడుతుందా?"

అప్పుడు అతను బల్ల మీద గుద్దాడు. బుద్ధెరిగాక అదే మొదటిసారి. పెన్నులు ఎగిరిపడ్డాయి. గుమాస్తా కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. ఆ దెబ్బ గదిలో అందరికీ తెలిసింది, అతని చేతికి తప్ప.

"నేను ఒక్క ముక్క అబద్ధం చెప్పలేదు," అని అరిచాడు. "చెప్పుంటే పని జరిగేది. చెప్పాల్సింది!"

సెక్యూరిటీ మనిషి వచ్చి భుజం మీద చెయ్యేసి బయటికి నడిపించాడు.

ఆరోజు అతను పడుకోలేదు. ఎండ తగ్గకముందే బేకరీకి వెళ్లి, పట్టీ విప్పి జేబులో పెట్టుకుని, మొదటి విడత పిండి కలిపేశాడు. యజమాని వచ్చి చూసింది పిండిని కాదు, చితికిన బొబ్బల్ని.

"ఏంటి మాస్టారూ ఇది? ఎప్పుడు కాలింది?"

"పొద్దున. నొప్పేం లేదయ్యా."

"నొప్పి లేకపోవడమేంటి?" యజమాని ఆ వేలిని గట్టిగా నొక్కాడు. అతను ఉలకలేదు. యజమానికి అర్థమైంది. ఆసుపత్రికి అక్కర్లేని పరీక్ష ఇతను ఒక్క నొక్కుతో కానిచ్చేశాడు. "ఈ చేత్తో ఓవెన్ దగ్గరికి రానివ్వలేను మాస్టారూ. రేపు ఏమైనా అయితే నా మెడకు చుట్టుకుంటుంది. బాగయ్యాక రండి, చూద్దాం."

ఆపరేషన్ చెయ్యడానికేమో చెయ్యి బాగానే ఉంది, పని చెయ్యడానికేమో పాడైపోయింది. ఎవరి మీద అరవాలో అతనికి తెలియలేదు. ఉన్న ఒక్క అరుపూ పొద్దునే అయిపోయింది. ఏప్రన్ ముడి విప్పడం వేళ్లకు చేతకాక, దాన్ని తలమీంచి లాగేసి కొక్కేనికి తగిలించి, వెనక తలుపులోంచి వెళ్లిపోయాడు. వీధిలో ఇంకా వెలుగుంది.

లోపల బల్ల మీద, అతను కలిపి తడిగుడ్డ కప్పిన పిండి పొంగి, గుడ్డను మెల్లగా పైకెత్తుతోంది.