ఇరవై తీసేయ్!

నేను ఒక బీపీ మిషన్ని. అరచేతిలో పట్టే డబ్బా, ఓ రబ్బరు గొట్టం, జబ్బకు చుట్టే నల్ల పట్టీ, అంకెలు కనబడే చిన్న కిటికీ. ఇంతే నా ఒళ్లు. నన్ను తయారుచేసిన చోట పదేపదే పరీక్షించి, ఉన్నది ఉన్నట్టు చెప్పడమొక్కటే నేర్పారు. విన్నవాళ్లు దాన్నేం చేస్తారో ఎవరూ చెప్పలేదు. అందుకే ఈనాటికీ నేను తేరుకోలేదు.

నన్ను మొదట కొన్నది కాకినాడలో సుగుణమ్మగారు. ఆవిడ రోజూ మూడుసార్లు చూసుకుని, మూడింట్లో తక్కువున్నదే పుస్తకంలో రాసుకునేవారు. నూట డెబ్బై చూపిస్తే కంగారట, నూట నలభై చూపిస్తే ఆరోగ్యమట! కొత్త మిషను కొనుక్కోగానే నన్ను చెల్లెలు పేరంటాలుగారికి ఇచ్చేశారు.

పేరంటాలుగారి భర్త తాతబ్బాయిగారు రిటైరైన సర్వేయరు. పొలం గట్టు దగ్గర జానెడు తేడా వస్తే మళ్లీ మొదటినుంచి గొలుసు లాగించిన మనిషి. అటువంటి ఇంట్లో పడ్డానని పొంగిపోయాను.

మొదటిరోజు ఆయన కూరల సంచీతో రెండంతస్తులు ఎక్కొచ్చి, ఆయాసం తీరకుండానే పట్టీ చుట్టుకున్నారు. నూట అరవై ఎనిమిది చూపించాను. సాయంత్రం డాక్టరు దగ్గర అరగంట ఫ్యాను కింద కూర్చున్నాక అక్కడి మిషనుతో చూస్తే నూట నలభై ఎనిమిది. రెండూ నిజమే.

"మీ అక్క మిషను ఇరవై ఎక్కువ చూపిస్తందే. మన గోడగడియారం లాంటిదే ఇదీను" అని తేల్చేశారు తాతబ్బాయిగారు.

ఆ గడియారం సంగతి చెప్పాలి. బస్సు తప్పకూడదని దాన్ని పది నిమిషాలు ముందుకు తిప్పిపెట్టారు. చూసిన ప్రతివాళ్లూ మనసులో పది తీసేసుకుని నిమ్మళంగా బయల్దేరతారు. బస్సు తప్పుతూనే ఉంటుంది. ఒక్కరోజు చూసిన తేడాతో నన్నూ దాని పక్కన కట్టేశారు. గొలుసు రెండోసారి లాగించే మనిషి, నా విషయంలో ఆ రెండోసారి చూడనే లేదు!

డాక్టరు మాత్రలు రాశారు. "మా ఆఫీసు గున్నేశ్వర్రావు ఈ మాత్రలేసుకునే కిడ్నీలు పోగొట్టుకున్నాడు" అని తాతబ్బాయిగారు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు. అవే మాత్రలు వేసుకుంటూ రోజూ సైకిలు తొక్కే ముసలాళ్లు ఆ వీధిలోనే నలుగురున్నారు. వాళ్లెవరూ ఆయనకు గుర్తురాలేదు.

అప్పట్నుంచీ నేను చెప్పడం, ఆయన తీసేయడం, మిగిలింది పేరంటాలుగారు కేలండరు గడిలో ముచ్చటైన అక్షరాలతో రాయడం. తక్కువ చూపించిన రోజు మాత్రం ఎవరూ ఏమీ తీసేవారు కాదు. ఆ రోజు నేను మంచి మిషన్ని.

ఒక బుధవారం పొద్దున్న నూట తొంభై ఆరు వచ్చింది.

"ఏవండీ, తొంభై ఆరటండీ!"

"ఇరవై తీసేయ్."

"తీసినా డెబ్బై ఆరండీ."

"రాత్రి ఆవకాయ తిన్నాను కదే. దానికో పది తీయ్. నూట అరవై ఆరు, రాసేయ్."

"ఆవకాయక్కూడా తీస్తారేంటండీ?" అని నవ్వుతూనే రాశారావిడ. నా కిటికీలో తొంభై ఆరు ఇంకా వెలుగుతూనే ఉంది. ఇద్దర్లో ఒక్కరూ దానివైపు చూడలేదు. నిమిషమయ్యాక నేను ఆరిపోయాను.

కాఫీ గ్లాసు ఆయన కుడిచేతిలోంచి జారింది. వంగి తీయబోతే చెయ్యి లేవలేదు. మూతి ఓ పక్కకు లాగేసింది.

ఆసుపత్రికి పేరంటాలుగారు నన్నూ కేలండర్నీ సంచీలో వేసుకొచ్చారు. డాక్టరమ్మ గడులన్నీ చూసి, "ఇవే ఎక్కువమ్మా. ఇవాళ పొద్దున్న కూడా నూట అరవై ఆరేనా?" అని అడిగింది.

"అవి... తీసేసినవండి."

"తీసేయడమేంటి?"

"మిషను ఇరవై ఎక్కువ చూపిస్తందని..."

డాక్టరమ్మ సంచీలోంచి నన్ను బయటికి తీసింది. తరవాత పేరంటాలుగారినే కూర్చోబెట్టి ముందు నన్ను, ఆ వెంటనే ఆసుపత్రి మిషన్ని చుట్టింది. నాది నూట నలభై ఆరు, దానిది నూట నలభై నాలుగు.

"ఇరవై కాదమ్మా, రెండు. మీ మిషను బాగానే ఉంది."

పేరంటాలుగారు కేలండరు గడులమీద వేలు జరుపుకుంటూ వెళ్లారు. "అన్నీ నా చేత్తోనే రాశానండీ" అన్నారు, ఎవరితోనో తెలియకుండా. నిజమని రుజువైనందుకు నేను సంతోషించాల్సింది. ఆ వేలు చూశాక ఏ సంతోషమూ రాలేదు.

రెండు వారాలకు తాతబ్బాయిగారు ఇంటికొచ్చారు. ఇప్పుడు నా చోటు ఫ్రిజ్ మీద. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి గానీ ఆవిడ పట్టీ చుట్టరు, ఎంతొస్తే అంతే రాస్తారు. వచ్చిన రోజే స్టూలెక్కి, తాతబ్బాయిగారు చూస్తుండగా గోడగడియారాన్ని పది నిమిషాలు వెనక్కి తిప్పారు కూడా.

మర్నాడు ఎనిమిదింటికి మాత్ర తెచ్చారు. ఆయన గడియారంకేసి చూసి, వంకర తీరని మూతితో మెల్లిగా, "ఇంకా... పది నిమిషాలుందే" అన్నారు.

నేను బిత్తరపోయాను. పేరంటాలుగారు మాత్రం ఆయన ఎడంచేతిలో మాత్ర పెట్టి, వేళ్లు తనే మూసి, "లేదండీ. ఎనిమిదంటే ఎనిమిదే" అన్నారు.