కొత్త కారు పొగ

మిట్టమధ్యాహ్నం ఎండకి పొగ పరీక్ష వ్యాను రేకు కాలిపోతోంది. తెనాలి నుంచి చెరుకుపల్లి వెళ్ళే రోడ్డు పక్కన ఆగిన ఆ వ్యానులో నాగదుర్గ పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా తాగలేదు. తాగితే ఆడమనిషి వెళ్ళడానికి అక్కడ చోటు లేదు. రోజుకి నాలుగు వందలిచ్చే యజమాని వినోద్ కుమార్ మాత్రం పక్కనే కొత్త కారులో ఏసీ వేసుకుని కూర్చున్నాడు.

ఆ కారు ఊరికే అక్కడ లేదు. పొగ కక్కే లారీ వస్తే పరీక్ష గొట్టాన్ని కారు సైలెన్సర్లో పెట్టి, ఫోటో మాత్రం లారీ నంబరుకి తీయాలి. లారీ పాసైపోతుంది. నాగదుర్గ చేతికి ఈ పని ఎప్పుడో అలవాటైంది. అలవాటు కాకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

ఈ నెల నుంచి కొత్త ఏర్పాటు వచ్చింది. ఏ ఊరి పొగ ఆ ఊళ్ళోనే ఆగదని తెనాలి, రేపల్లె, బాపట్ల పరీక్షలన్నిటినీ ఒకే కంప్యూటరుకి కలిపారు. ఇక్కడ తప్పిన బండికి అక్కడ సర్టిఫికెట్ దొరకదు. బాగు చేయించి పాసయ్యేదాకా రోడ్డెక్కకూడదు. మంచి ఏర్పాటే. విన్నప్పుడు నాగదుర్గ సంతోషించింది కూడా, పిచ్చిది.

డీజిల్ ఆటో ఒకటి దగ్గుకుంటూ వచ్చి ఆగింది. అంతకంటే గట్టిగా దగ్గుతూ పేరయ్య దిగాడు. నాగదుర్గ భర్త ఆసుపత్రిలో పోయిన రోజు శవాన్ని ఎక్కించుకోవడానికి ఏ బండివాడూ ఒప్పుకోలేదు. పేరయ్య ఈ ఆటోలోనే అతన్ని ఇంటికి చేర్చాడు, కిరాయి తీసుకోలేదు. ఏ చుట్టరికమూ లేని మనిషి ఆనాటి నుంచి ఆమెకి బాబాయ్ అయ్యాడు.

“ఏంటి బాబాయ్, ఇంజను బాగు చేయించలా?”

“ఇరవై వేలంటున్నాడమ్మా మెకానిక్. మీ పిన్ని మందులకే చాలట్లా. బస్సులకి చేసినట్టే గొట్టం ఆ కారుకి పెట్టి ఇచ్చెయ్ తల్లీ, పుణ్యముంటది.”

ఆమె గొట్టం తీసుకుని కారు వైపు తిరిగింది. కారు అద్దం దిగింది.

“దుర్గా, ఆ ఆటోకి నిజంగానే పెట్టు. ఫెయిలైన బండి ఒక్కటీ లేదేంటని పైనుంచి అడుగుతున్నారు.”

“పెద్దాయనండి సార్...”

“అందుకే. గొడవ చెయ్యడు.”

మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు. నాగదుర్గ గొట్టాన్ని ఆటోకి పెట్టింది. తెర మీద ఎర్ర అంకె వచ్చింది.

పేరయ్య దాన్ని కాసేపు చూశాడు. “మిషను నిజమే చెప్పిందిలేమ్మా. ఆ పొగ ముందు తాగింది నేనేగా.”

ఆయన ఆటో స్టార్ట్ చేయలేదు. హ్యాండిల్ పట్టుకుని నెట్టడం మొదలెట్టాడు.

“తోలుకెళ్ళు బాబాయ్, ఇంటిదాకేగా. ఎవరడుగుతారు?”

“వద్దమ్మా. నీ మిషనే వద్దందిగా.”

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండుననిపించింది నాగదుర్గకి.

ఆటో మలుపు తిరగకముందే, ఊళ్ళో పలుకుబడి ఉన్న గోపీనాథ్ గారి స్కూలు బస్సు వచ్చింది. ఒంటిపూట బడి వదిలి పిల్లల్ని ఇళ్ళకి చేరుస్తోంది. బస్సు ఆగగానే వెనక సీట్లలో పిల్లలు ఎవరూ చెప్పకుండానే అద్దాలు మూసి, ముక్కులకి రుమాళ్ళు అడ్డం పెట్టుకున్నారు.

“తొందరగా కానిచ్చెయ్ అక్కా, పిల్లలున్నారు,” అన్నాడు డ్రైవరు బర్నబాస్.

నాగదుర్గ కారుని దాటి బస్సు వెనక్కి వెళ్ళింది. నల్లగా మసి కట్టిన దాని సైలెన్సర్లో గొట్టం దూర్చింది. వినోద్ కుమార్ కారు దిగి పరుగున వచ్చాడు.

“ఏంటిది? కారుకి పెట్టు!”

“ఇందాక మీరేగా సార్, నిజంగా పెట్టమన్నారు.”

“అది ఆటో. ఇది ఎవరి బస్సో తెలుసా?”

“తెలుసండి. కారుకి పెట్టనండి.”

బస్సు ఫెయిలైనా పేరయ్య ఆటో తిరిగి రోడ్డెక్కదని ఆమెకి తెలుసు. రేపు తన పనీ ఉండదని తెలుసు. దూరంగా పేరయ్య ఆటోకి ఆనుకుని దగ్గుతున్నాడు. దగ్గు తగ్గాక మళ్ళీ నెట్టసాగాడు.

“ఇంజను రేజ్ చెయ్ తమ్ముడూ,” అని అరిచింది.

బర్నబాస్ అద్దంలోంచి ఇద్దర్నీ చూస్తున్నాడు. వినోద్ కుమార్ గొట్టాన్ని పట్టి లాగాడు. నాగదుర్గ వదల్లేదు.