కారిందా, పొర్లిందా?

నేనొక రేకు దోనెను. పెంకుటింటి చూరు కింద వెల్లకిలా పడుకుని, కప్పు మీంచి జారే వాననీళ్లను పట్టి, గొట్టంలోంచి వీధి కాలవకు పంపడం నా ఉద్యోగం. సక్రమంగా చేసినన్నాళ్లూ ఎవరూ తలెత్తి చూడరు. ఒక్క చుక్క పక్కకు పడిందా, ఇంటిల్లిపాదీ నన్నే ఆడిపోసుకుంటారు!

నన్ను చేసింది చీరాలలో రేకులపని చేసే మస్తాను. జింకు రేకును చెక్క సుత్తితో వంచి, అతుకుల్లో టంకం పోసి, చివర గోటితో కొట్టి చూశాడు. టంగుమన్నాను. "పలుకుతోంది, పో" అని నేతపని చేసే వీరభద్రం ఇంటికి పంపాడు. నా కింద గోడ, గోడకు అవతల మగ్గం గుంట. ఆ గుంటలో కాళ్లు పెట్టుకు కూర్చునే అతను ముప్ఫై ఏళ్లుగా నేస్తున్నాడు. గుంట పొడిగా ఉంటేనే నేత, నేత ఉంటేనే ఇల్లు.

మనిషి మెత్తన. సాయంత్రం పని ముగిశాక తెగిన దారప్పోగులన్నీ ఏరి, పిచ్చుకలు గూటికి వాడుకుంటాయని ప్రహరీగోడ మీద పెట్టేవాడు.

"పెళ్లానికి ఒక మంచిమాట కరువు గానీ పిట్టలకి పట్టుపోగులా!" అని భార్య సౌభాగ్యం దెప్పేది. మళ్లీ పొడుగు పోగులు ఏరి ఇచ్చేదీ ఆవిడే.

ఈ ఏడు తొలకరికి గోడ చెమ్మెక్కింది. రెండో వానకు గుంటలో చీలమండ లోతు నీళ్లు. మగ్గం మీది చీర సగంలో ఆగిపోయింది. "దోనె కారుతోంది" అన్నాడు వీరభద్రం. వీళ్లకు అదొక్కటే మాట. బొక్కపడి చుక్కలు రాలినా కారడమే, నిండి అంచు మీంచి పడినా కారడమే. నిక్షేపంలాంటి నా పొట్టకు తారు పూశాడు. మూడో వానకు మళ్లీ నీళ్లు.

"ఇంక నా వల్ల కాదే. దోనె పీకి పాత ఇనుముకి వేసేస్తా. మగ్గం ఎత్తేసి మిల్లులో వాచ్‌మన్‌గా చేరతా."

సౌభాగ్యం గుంటలో నీళ్లు చెంబుతో తోడుతూ ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. ఏడిస్తే మళ్లీ కారానంటారని ఊరుకున్నాను.

మర్నాడు ఆవిడ మస్తానును పిలుచుకొచ్చింది. ముసలివాడైపోయాడు, చూపు సరిగ్గా ఆనదు.

"కారుతోందా అమ్మాయ్, పొర్లుతోందా?"

"రెండూ ఒకటే గదా బాబాయ్!"

"ఒకటెట్టా అవుద్ది? కారితే అతుకెయ్యాల, పొర్లితే కడగాల."

గోడను అరచేత్తో తడిమాడు. చెమ్మ పైఅంచు నుంచే దిగుతోందన్నాడు. వీరభద్రం చేత నా పై కొసన బిందెడు నీళ్లు పోయించాడు. పొట్ట కింద చుక్క రాలలేదు. నీళ్లు వెనక అంచు మీంచి గోడ మీదికి పొర్లాయి. మస్తాను నిచ్చెన రెండు మెట్లెక్కి గోటితో కొట్టాడు. దబ్బుమన్నాను.

"రేకు బంగారం. గొంతులోనే ఏదో అడ్డంపడింది."

వీరభద్రం నిచ్చెనెక్కి గొట్టం నోట్లో చెయ్యి పెట్టాడు. ఆకులతో కలిసి ముద్దకట్టిన దారం వచ్చింది. ఎర్రది, చిలకపచ్చది, మొన్నటి చీర పసుపుది. పైన పెంకు సందులో పిచ్చుక గూడు, అందులో నోళ్లు తెరుచుకుని రెండు పిల్లలు. గూటిలోంచి రాలిన పోగులే నా గొంతు మూశాయి.

"అయ్యో, నా చేత్తో నేనే..." అని నిచ్చెన మీదే నిలబడిపోయాడు.

"దోనెని తిట్టింది చాలు, ఇంక పిట్టల్ని తిట్టబోకు" అంది సౌభాగ్యం కిందనుంచి.

నా తోకలో అక్కరకు మించిన జానెడు ముక్క కోసి మస్తాను చిన్న డబ్బా చేశాడు. గూటిని అందులోకి మార్చి, పక్క దూలానికి వేలాడదీశారు. తల్లి వస్తుందో రాదోనని నేను హడలిపోయాను. పొద్దువాలకముందే వచ్చింది.

గుంట ఆరాక పెద్ద వాన పడింది. వెలిశాక వీరభద్రం చెప్పులు విడిచి, భయంభయంగా గుంటలో పాదం మోపాడు.

"సౌభాగ్యం! పొడిగా ఉందే!"

ఆవిడ పరుగున వచ్చి తనూ పాదం పెట్టి చూసింది. ఆ సాయంత్రమే చీర మళ్లీ మొదలైంది.

ఇప్పుడూ పిట్టలకు పోగులు పెడతాడు. కాకపోతే నెలకోసారి నిచ్చెనెక్కి నా గొంతు శుభ్రం చేసి గోటితో కొడతాడు. టంగుమంటాను. "పలుకుతోందే!" అని లోపల చీరకు దారం ఆసు పోస్తున్న ఆవిడకు వినబడేలా అరుస్తాడు.