జాకీ జారిన పూట

అన్న కారు నడిపేవాడు. చెల్లెలు ఆ కారును ట్రైలర్ మీద బిగించి, జీపుతో లాక్కొచ్చేది. ఆదివారం పందెం ఎక్కడుంటే అక్కడికి ఇద్దరూ వెళ్లేవాళ్లు. మట్టి మైదానంలో కోన్లు నిలబెట్టి, వాటి మధ్య ఒక్కో కారునే వదిలేవారు. తక్కువ టైములో మెలికలన్నీ తిరిగొచ్చినవాడిదే గెలుపు. జీపు వెనక ఇనప పెట్టెలో విడిభాగాలన్నీ చెల్లెలే సర్దేది. వాటి మీద చెయ్యి పడితే ఊరుకునే రకం కాదు. ఆమె దురుసుతనం చూసి మైదానంలో అందరూ ‘పిడుగు’ అనేవారు. అన్న మాత్రం వెన్నలాంటి మనిషి. ఎదుటివాడు మొహం వేలాడేస్తే చూడలేడు.

ఆ రోజు మైదానం చేరగానే పిడుగు జీపులోనే కునుకు తీసింది. లేచేసరికి పందెం మొదలైంది. రెండో పరుగులో అన్న కారు గుంతలో పడింది. ముందు చక్రాన్ని తిప్పే యాక్సిల్ పుటుక్కున విరిగింది. పిడుగు పరుగున వెళ్లి పెట్టె తెరిచింది. కొత్త యాక్సిల్ లేదు.

పక్క డేరాలో ఒక మీసాలాయన తన కారును జాకీ మీద లేపి, చక్రం ఊడదీసి, బోల్టులు బిగించుకుంటున్నాడు. లోపలున్న యాక్సిల్ మీద ఆమె గుర్తుగా పూసిన పసుపు రంగు కనబడింది. ఆమె ఒళ్లు మండిపోయింది.

“అది నా పెట్టెలోది. విప్పు.”

“మీ అన్నయ్యే ఇచ్చాడమ్మా. వెళ్లి అడుగు.”

“దొంగతనం చేసి, పైగా మా అన్న పేరు చెప్తావా?”

కాలర్ పట్టి లాగింది. ఆయన విదిలించుకోబోతే చేతిలోని పానా ఆమె మూతికి తగిలి పెదవి చిట్లింది. నోట్లో రక్తం ఉప్పగా తగిలాక ఆమెకింక ఏమీ వినబడలేదు. చక్రాల పానా అందుకుని ఆయన మోకాలి చిప్ప మీద కొట్టింది. ఆయన కూలబడ్డా ఆగక, అదే చోట మళ్లీ కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు చుట్టుపక్కల వాళ్లకు వినబడింది.

అన్న అరుస్తూ పరిగెత్తుకొచ్చి మధ్యలో దూరాడు. ఎవరో కూడా చూడకుండా ఆమె అతణ్ణి భుజంతో నెట్టేసింది. అతను తూలి, చక్రం లేని చోట నేలకు చెయ్యి ఆన్చి పడ్డాడు. అదే క్షణంలో నొప్పితో తన్నుకుంటున్న మీసాలాయన కాలు జాకీకి తగిలింది. కారు దభీమని దిగబడింది. చక్రం వెనకుండే ఇనప బ్రేకు డిస్కు కింద అన్న కుడిచెయ్యి నలిగిపోయింది.

ఆ కేకకు పిడుగు చేతిలోంచి పానా జారిపోయింది. జాకీ సరిచేయబోయి ఆమె కంగారులో పిడిని తప్పు వైపే తిప్పుతూ పోయింది. చివరికి నేల మీద పాకుతూ వచ్చి మీసాలాయనే దాన్ని తిప్పి కారు లేపాడు. జనం చెయ్యి వేసి ఇద్దరినీ జీపులో పడుకోబెట్టారు. ట్రైలర్ అక్కడే వదిలేసి, ఎదుట దారి మసకబారుతున్నా ఆమె ఆసుపత్రి దాకా నడిపింది.

డాక్టర్లు అన్నకు రెండు వేళ్లు తీసేశారు. మెలకువ వచ్చాక అతను గోడ వైపు తిరిగి చెప్పాడు: “పొద్దున నేనే ఇచ్చానే. ఆయన యాక్సిల్ పోయిందని బతిమాలాడు. నిన్ను లేపితే వద్దంటావని లేపలేదు.”

పిడుగును మళ్లీ ఏ మైదానంలోకీ రానివ్వకూడదని నిర్వాహకులు తీర్మానించారు. మీసాలాయన పోలీసుల దగ్గరికి వెళ్లలేదు. కొన్నాళ్లకు ఆమె ఆయన ఇంటికి వెళ్లింది. కాలికి కట్టుతో మంచం మీదున్న ఆయన, ఆమె క్షమాపణ పూర్తి కాకముందే చెయ్యెత్తి ఆపాడు.

“మీ అన్న మొహం చూసి కేసు పెట్టలేదు. నిన్ను చూసి కాదు. ఇంక వెళ్లు.”

ఇంటికొచ్చేసరికి అన్న ఎడమచేత్తో చొక్కా గుండీలతో కుస్తీ పడుతున్నాడు. ఆమె దగ్గరికి వెళ్లి చెయ్యి చాచింది. ఎవరినీ కాదనలేని ఆ మనిషి ఒక అడుగు వెనక్కి వేశాడు.

“వద్దు,” అన్నాడు మెల్లగా.