తల్లిపులి ఆకలి

ఎందుకు రాయిస్తున్నానో తర్వాత చెబుతానే తల్లీ, ముందు పులి సంగతి రాయి. మీ అమ్మ చేసిన పులి సంగతి. అప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు కాబట్టి నీకు సగమే తెలుసు, మీ నాన్న చెప్పిన సగం. నేను చెప్పేది రెండో సగం. మెల్లగా చెబుతాను, మెల్లగానే రాసుకో. ఈ తాతకి చదువు లేకపోయినా చెవులున్నాయి. మీ అమ్మ బల్లకీ నా మంచానికీ మధ్య ఉన్నది ఒక్క తెర. కొన్ని నేనే విన్నాను, కొన్ని తను చెప్పింది.

మీ అమ్మ పని నీకు తెలిసిందే, కంప్యూటర్లో జంతువుల ఆట. ఆడేవాళ్ళు ఒక దీవి కట్టుకుని అందులో జింకల్నీ ఏనుగుల్నీ వదులుతారు. అవి తింటాయి, పడుకుంటాయి, పిల్లల్ని కంటాయి. బొమ్మ గీసేది ఎవరో. ఆ బొమ్మకి బుద్ధి పెట్టేది మీ అమ్మ. ఎప్పుడు ఆకలేయాలి, ఎవరిని చూసి పారిపోవాలి, ఎక్కడ పడుకోవాలి, ఇవన్నీ తను రాస్తేనే బొమ్మ లేచి నడుస్తుంది.

ఈసారి కంపెనీ వాళ్ళు కత్తికోరల పులి కావాలన్నారు. ఎప్పుడో మంచుకాలంలో బతికి మట్టిలో కలిసిపోయిన జాతి, జానెడేసి కోరలు. ఇన్నాళ్ళూ బాతులూ కుందేళ్ళూ చేసిన మనిషి, పులి అనగానే మొహం వెలిగిపోయింది. సోఫాలోంచి మీ నాన్న అన్నాడు, "బతికున్న మొగుణ్ణి చూసుకునే తీరిక లేదు గానీ, చచ్చిన పులికి ప్రాణం పోస్తుందట!" అందరం నవ్వాం. మీ అమ్మా నవ్వింది. ఈ ఇంట్లో తన మీద జోకు పడితే ముందు నవ్వేది తనే. నవ్వకపోతే, "ఏం, ఓ మాట అనకూడదా?" అంటారు కదా.

తన బల్ల ఎక్కడుందో కూడా రాయి. వంటింటి గుమ్మం పక్కన. మీ నాన్న బల్ల లోపలి గదిలో, తలుపుతో సహా. ఆ తలుపు వేసుంటే ఆఫీసు జరుగుతోందని అర్థం. మీ అమ్మకి తలుపు లేదు, అందుకని ఆఫీసూ లేనట్టే. "అమ్మా, నా సాక్సు ఒకటే ఉంది!" అని మీ తమ్ముడు. "అమ్మాయ్, పొయ్యి మీద ఏదో మాడుతోంది చూడు" అని మంచం దిగకుండా మీ నానమ్మ. "ఏమోయ్, నా ఛార్జర్ చూశావా?" అని తలుపు వెనక నుంచి మీ నాన్న. నేను మాత్రం తక్కువ తిన్నానా? "కళ్ళజోడు ఎక్కడ పెట్టానమ్మా?" అని పిలిస్తే, పులిని వదిలేసి వచ్చి నా ముక్కు మీదే ఉన్నదాన్ని చూపించి వెళ్ళింది.

ఒకరోజు పొద్దున్నే ఫోను. ఆటలో తప్పులు పట్టే ఉద్యోగం చేసే అమ్మాయి.

"అక్కా, మీ ఆడపులి మళ్ళీ చచ్చిపోయింది."

"దేనివల్ల?"

"ఆకలితో అక్కా. మాంసం పక్కనే ఉంది మరి!"

మీ అమ్మ కూర్చుని చూసింది. పులి దుప్పిని పడగొట్టింది. చెట్టు కిందకి లాక్కొచ్చింది. కూనలు మూడూ తిన్నాయి. ఇక తను నోరు పెట్టబోయింది, ఒక కూన కుయ్యిమంది. వదిలేసి వెళ్ళి దాన్ని నాకింది. తిరిగొచ్చి మళ్ళీ నోరు పెట్టబోయింది, రెండోది కుయ్యిమంది. ఆపైన మూడోది. కడుపులు నిండిన కూనలు, ఒకటి ఆటకి ఏడుస్తుంది, ఒకటి నిద్రకి, ఒకటి ఊరికే. అలా తిరిగి తిరిగి ఆ తల్లి మాంసం పక్కనే కాళ్ళు మడిచి పడిపోయింది.

తప్పు ఎక్కడుందోనని వెతికితే దొరికింది. కూన అరిస్తే తల్లి ఏ పనిలో ఉన్నా వదిలేసి వెళ్ళాలి. ఆ మాట రాసింది ఎవరో కాదు, తనే. ఎవరూ అలా రాయమనలేదు. పులుల గురించి ఎన్నో చదివింది, ఎముకల బొమ్మలు చూసింది, ఎంత దూరం దూకగలదో లెక్క కట్టింది, ఈ ఒక్కటి మాత్రం ఎక్కడా చదవలేదు. చెయ్యి దానంతటదే రాసేసింది. తల్లి అంటే ఇంతే కదా అని ఒంట్లోంచి వచ్చేసింది. చల్లారిపోయిన టీలు గుర్తొచ్చాయట తనకి, సగం తిని మూతపెట్టి మర్చిపోయిన పళ్ళాలు, నిలబడి గిన్నె అడుగు గీరుకుని తిన్న మధ్యాహ్నాలు, "నాకేం ఆకలిగా లేదు, మీరు కానివ్వండి" అన్న మాట, ఆ మాట అన్నప్పుడల్లా "మా ఆవిడ కాకిలా తింటుంది" అని నలుగురిలో గొప్పగా చెప్పుకున్న మొగుడు. పులి చచ్చిపోయింది కాబట్టి తెలిసింది, మనిషి చావదు కాబట్టి ఎవరికీ తెలియదు, అనుకుందట.

ఆ మధ్యాహ్నమే కంప్యూటర్లో మీటింగు. వాళ్ళ సారు గొంతు నాకూ వినిపిస్తోంది, మర్యాద గల గొంతే. "దీనికింత ఆలోచన ఎందుకు మేడం? పిల్లలున్న ఆడపులికి ఆకలి తీసేయండి. సింపుల్."

"ఆకలి తీసేస్తే ఎలా సార్?"

"తల్లి కదండీ. ఆకలి లేకపోతే చావదు. ఆడేవాళ్ళకి కూడా చూడ్డానికి బావుంటుంది."

సరేనని అందరి ముందే తీసేసి చూపించింది. తల్లిపులి కూనల చుట్టూ తిరిగింది, నాకింది, పొర్లించింది. దుప్పి ముక్కు ముందు నుంచి నడిచిపోయినా తల తిప్పలేదు. ఆకలి లేని పులి వేటకెందుకు వెళ్తుంది చెప్పు? కూనలు ఒక్కొక్కటే పడిపోయాయి.

"ఓహో" అన్నాడు సారు. "అయితే కూనలకి ఆకలేసినప్పుడు మాంసం దానంతటదే వచ్చేలా పెట్టండి."

"ఎక్కడ్నుంచి వస్తుంది సార్?"

"ఎక్కడ్నుంచో వస్తుంది! ఎవడు అడుగుతాడు?"

సరిగ్గా అప్పుడే లోపలి గదిలోంచి మీ నాన్న, "ఏమోయ్, టీ వస్తోందా?"

మీ అమ్మ ఆ తలుపు వంక చూసిందట. మళ్ళీ కంప్యూటర్ వంక చూసింది. "ఎక్కడ్నుంచీ ఊడిపడదు సార్. ఎవరో ఒకరు లేచి వెళ్ళి తేవాలి" అంది. ఎవరికి చెప్పిందో గానీ, నాకైతే ఇద్దరికీ చెప్పినట్టే వినిపించింది.

"మీరు పర్సనల్‌గా తీసుకుంటున్నారు మేడం. సోమవారానికి నేను చెప్పినట్టు చేసి పంపండి. లేదంటే పులిని వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను, మీరు మళ్ళీ బాతులు చూసుకుందురు గాని."

ఇంట్లో చెబితే మీ నాన్న, "అంతరించిపోయిన పులికి ఆకలేస్తే ఎవడు చూశాడు? వాళ్ళు తీసేయమంటే తీసేయ్. నీ పంతానికి పోయి చేతిలో పని పోగొట్టుకోకు" అన్నాడు. మీ నానమ్మ తన వంతు కలిపింది. "తల్లికి ఆకలేమిటే? పిల్లలు తింటే తల్లికి నిండినట్టే."

"మీకెప్పుడూ ఆకలేయలేదా అత్తయ్యా?" అంది మీ అమ్మ. ఎత్తిపొడుపుగా కాదు, నిజంగానే అడిగింది.

మీ నానమ్మ మడతపెట్టిన దుప్పటి విప్పి మళ్ళీ మడతపెట్టింది. అప్పుడు, "వేసేది" అంది. అంతే.

మీ అమ్మ పులి దగ్గరికి వెళ్ళి తను రాసింది కొట్టేసింది. కొత్తగా రాసింది. వేటాడాక ముందు తల్లి తింటుంది. తింటుండగా కూన ఊరికే అరిస్తే తల్లి తలెత్తకుండా ఒక్క గుర్రు పెడుతుంది. కూన ఆగుతుంది. తల్లి తిన్నాక కూనలకి వదులుతుంది. ఆడించి చూసింది. తల్లి బతికింది, కూనలూ బతికాయి. కాసేపు ఆగినందుకు ఏ కూనా చావలేదు.

ఆదివారం మధ్యాహ్నం అందరం భోజనాలకి కూర్చున్నాం. మీ అమ్మ గిన్నెలన్నీ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఎప్పటిలా పక్కన నిలబడలేదు. ఒక పళ్ళెం తీసుకుంది, కుర్చీ లాక్కుంది, తన పళ్ళెంలో వడ్డించుకుని తినడం మొదలుపెట్టింది. మేమంతా ఖాళీ పళ్ళాలతో చూస్తున్నాం.

"అమ్మా, నీళ్ళు" అన్నాడు మీ తమ్ముడు. తను నములుతోంది.

"ఏమోయ్, మాకు వడ్డించేదెవరు?" అన్నాడు మీ నాన్న.

అప్పుడు మీ అమ్మ తల ఎత్తకుండా, నోట్లో ముద్ద అలాగే ఉంచుకుని, గుర్రుమంది.

అవునే, రాయి! గుర్రుమంది. గొంతు లోపల నుంచి, నా ఛాతీకి తగిలేలా. మీ తమ్ముడి చెయ్యి గ్లాసు దగ్గరే ఆగిపోయింది. మీ నాన్న నవ్వబోయాడు, ఈసారి మీ అమ్మ నవ్వలేదు, దాంతో ఆ నవ్వు తోడు దొరక్క మధ్యలోనే చచ్చిపోయింది. ఇంతలో మీ నానమ్మ లేచింది. గరిటె అందుకుంటుందనుకున్నాను. ఎవరికీ వడ్డించలేదు. తన పళ్ళెంలో పెట్టుకుని, కోడలి పక్క కుర్చీలో కూర్చుని, ముద్ద కలుపుకుంది.

గిన్నెలు మా ముందే ఉన్నాయి. చేతులూ ఉన్నాయి. నేనే పెట్టుకున్నాను. కాస్త ఒలికింది.

సోమవారం మీ అమ్మ ఆకలున్న పులినే పంపింది. కింద ఒక ముక్క రాసింది, నాకు చదివి వినిపించింది. "ఈ పులి కావాలంటే ఆకలితోనే తీసుకోండి. ఆకలి తీసేసే పని నేను చేయను. బాతులిచ్చినా సరే, వాటికీ ఆకలి పెడతాను." ఇవాళ్టికీ జవాబు రాలేదు. పులి నిలుస్తుందో బాతులొస్తాయో నాకు తెలియదు. మీ అమ్మ మాత్రం పొయ్యి ఆపగానే ముందు తింటోంది. బల్ల లోపలి గదిలోకి మార్చుకుంది, మీ నాన్న ఊరెళ్ళిన రోజే. తలుపు వేసుకుంటోంది. నా కళ్ళజోడు నేనే వెతుక్కుంటున్నాను.

మీ నాన్న ఆఫీసు పని మీద క్యాంపులో ఉన్నాడు కదా, అక్కడ ఈ గుర్రు సంగతి నలుగురికీ జోకులా చెబుతున్నాడట, "మా ఇంట్లో పులి ఉంది" అని. అందుకే నీతో రాయిస్తున్నాను. రేపు మధ్యాహ్నం వాడికి ఫోన్ చేసి మొత్తం చదివి వినిపించు, ఒక్క ముక్క వదలకుండా. భోజనానికి కూర్చోబోయే వేళ చూసుకుని చెయ్యి. పళ్ళెం పక్కన పెట్టి వినమను, తాతయ్య చెప్పాడని చెప్పు. తినేశాక మాత్రం చదవకు తల్లీ. కడుపు నిండినవాడికి ఇది మళ్ళీ జోకే అవుతుంది.