ముందుకు పేర్చమన్న మాట

మా నాయిన హన్మయ్య మంచివాడు. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే ఇక నేను చెప్పేదంతా ఆయన మీద కోపమే. ఆయన ఒక్కడి మీదే కాదు. నా మొగుడు బీరన్న మీద, బండల గని యజమాని చంద్రప్ప పటేలు మీద, అందరికంటే ఎక్కువ నా మీద.

పంతొమ్మిది వందల అరవై మూడో సంవత్సరం, ఎండాకాలం. తాండూరు దగ్గర చంద్రప్ప పటేలు గనిలో తీసిన బండలను రైలు స్టేషన్‌కు తోలేవాళ్ళం. అంతకు ముందు ఏడాది దాకా ఎడ్లబండ్ల మీదే తోలేవాళ్ళం. తర్వాత పటేలు ఒక ట్రాక్టరు, దాని వెనక తగిలించే రెండు చక్రాల ట్రాలీ కొన్నాడు. దాంతో బండ్లన్నీ మూలకు పడ్డాయి. మా నాయిన తన ఎడ్లను కుల్కచర్లలో ఎవరికో అమ్మేసి వచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. ట్రాక్టరు తోలే పని బీరన్నకు దొరికింది. బండలెక్కించే జట్టుకు నాయిన మేస్త్రీ, ఆ జట్టులో నేనొక కూలిని. నాకు ఇంకో పని కూడా ఉండేది. ఎక్కుడు దారిలో ట్రాలీ వెనక రాయి పట్టుకొని నడవాలి. బండి ఆగితే వెనక్కి జారకుండా ఆ రాయి చక్రం కింద పెట్టాలి.

ఎడ్లబండి నింపడంలో మా నాయిన తర్వాతే ఎవరైనా. బండలు పేర్చాక, బండి ముందు ఎడ్లను కట్టే నొగను ఒంటి వేలితో లేపి చూసేవాడు. లేస్తే సరే. లేవకపోతే రెండు బండలు వెనక్కి జరిపించేవాడు. బరువు ఎద్దు మెడ మీద పడకూడదు, అంతే. ఏ ఎద్దు మెడ మీదైనా పుండు కనిపిస్తే దాన్ని తోలేవాణ్ణి నడి బజారులో నిలబెట్టి తిట్టేవాడు. ముప్పై ఏళ్ళలో ఆయన ఎడ్లకు ఒక్క పుండు కాలేదు. ఆయన సంపాదించుకున్నది ఆ పేరొక్కటే.

ట్రాలీని కూడా ఆయన అట్లాగే నింపాడు. ముందున్న ఇనుప నొగను వేలితో లేపాడు, అది లేచింది, సరే పదండి అన్నాడు. జట్టంతా మెచ్చుకుంది. ట్రాక్టరుకు మెడ ఎక్కడుందని ఒక్కరూ అడగలేదు.

బీరన్నకు మాత్రం సంగతి తెలుసు. హైదరాబాద్‌లో నెల రోజులు ఉండి ట్రాక్టరు నేర్చుకొచ్చాడు. ట్రాలీ బరువులో పదో వంతన్నా ట్రాక్టరు కొక్కెం మీద కూర్చోవాలని అక్కడి మెకానిక్ ఆయనకు నూరిపోశాడట. అప్పుడే ట్రాక్టరు వెనక చక్రాలు నేలను గట్టిగా పట్టుకుంటాయి. బరువంతా ట్రాలీ తోక మీద పడితే ముందు నొగ పైకి లేస్తుంది. అది ట్రాక్టరు వెనక భాగాన్ని కూడా ఎత్తుతుంది, చక్రాలు ఉత్తగా తిరుగుతాయి. నేను రొట్టెలు చేస్తుంటే పొయ్యి పక్కన కూర్చొని, పీట మీద ఒక గిన్నె, ఒక పుల్ల పెట్టి ఇదంతా చూపించాడు. నాకు అర్థమైంది. నాకు చూపిస్తే ఏం లాభం, పోయి మా నాయినకు చూపించమన్నాను.

"మామకు నేనెట్ల చెప్త? నువ్వే చెప్పు," అన్నాడు.

మా ఇళ్ళలో అల్లుడు మామకు పని నేర్పడు. అది మర్యాద కాదు. మామ కూడా అల్లుణ్ణి అడగడు, అడిగితే చిన్నతనం. మధ్యలో నేనున్నాను కదా, ఇద్దరి మాటలూ మోసే గాడిదను. సరే, మోశాను. బండలు ముందుకు పేర్చండి నాయినా అని చెప్పాను. ఆయన నవ్వాడు. మళ్ళీ చెప్పాను. పొద్దున పనిలోకి దిగేటప్పుడు చెప్పాను, మధ్యాహ్నం సద్ది తినేటప్పుడు చెప్పాను. నాలుగోసారికి, నీ మొగనికి తోలరాక తప్పంతా బండల మీదికి నూకుతున్నడు అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మాట బీరన్నకు చెప్పలేక నేనే మింగాను. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు చెప్పాను. ఆయన చెవినేసుకుంటే కదా.

పటేలు ఇంకో రకం. ట్రాలీని ట్రాక్టరుకు బిగించే పిన్ను పైకి ఎగిరిపోకుండా దాని కింద అడ్డంగా గుచ్చే చిన్న మేకు ఒకటుంటుంది. అది మొదటి నెలలోనే ఎక్కడో పడిపోయింది. కొత్తది తెప్పించమంటే తీగ చుట్టమన్నాడు. తీగ తెగిందని చెబితే, ఇంత బరువు కింద పిన్ను ఎటు పోతుందని మమ్మల్నే ఎదురడిగాడు. వేలికి ఉంగరం మీద ఉంగరం పెట్టుకునే మనిషికి వేలెడంత మేకు బరువైపోయింది.

ఒకరోజు కాగ్నా వాగు దాటి ఎక్కుడు ఎక్కుతుంటే ట్రాక్టరు చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. ట్రాలీ మూరెడు వెనక్కి వచ్చింది. నేను రాయి పెట్టాను. ఆ రాయి పగిలి, చక్రం నా కాలివేళ్ళను తాకి ఆగింది.  స్టేషన్‌లో నాయినకు చెబితే, ఇంజనులో జోరు తక్కువున్నది అన్నాడు.

ఇక నేను ఊరుకోలేదు. కొత్త రాయి ఒకటి ఏరుకొచ్చి ఆయన చేతిలో పెట్టాను.

"ఎద్దు మెడ గురించి నీకు మస్తు ఎరుక. నా గురించి ఎరుకనా? రేపటి సంది గీ రాయి నువ్వే పట్టు."

జట్టంతా చూస్తోంది. కూతురు నలుగురిలో అంత మాటంటే ఏ తండ్రికైనా రోషం వస్తుంది. పడతా తియ్యి, అన్నాడు. బీరన్న అక్కడే నిలబడి టైరు వైపు చూస్తున్నాడు. ఆ ఒక్క క్షణం నోరు తెరిచి, మామా, వద్దు, బండలు ముందుకు పేరుద్దాం అనుంటే సరిపోయేది. అనలేదు. నేను కూడా, నాయినను వెనక నిలబెట్టడం వరకే ఆలోచించాను. బుద్ధి వస్తుందిలే అనుకున్నాను.

మరునాడు అదే ఎక్కుడు. నేను ట్రాక్టరు పక్కన నడుస్తున్నాను, నాయిన వెనక నడుస్తున్నాడు. సగం ఎక్కాక ట్రాక్టరు వెనక చక్రాలు తేలికపడి దుమ్ము లేపాయి. ఒక కుదుపు వచ్చింది. పిన్ను పైకి ఎగిరి రోడ్డు మీద పడడం నా కళ్ళతో చూశాను. ఇనుప నొగ ఆకాశంలోకి లేచింది. ట్రాలీ తోక నేలకు కొట్టుకుంది. బండలు వరసగా వెనక్కి జారాయి. నాయిన పారిపోలేదు. వంగి చక్రం కింద రాయి పెడుతున్నాడు. ముప్పై ఏళ్ళు బండి తోలిన మనిషి, బండిని వదిలి పక్కకు దూకడం ఆయనకు తెలియదు.

మూడు బండలు ఆయన ఎడమ కాలి మీద పడ్డాయి. వాటిని ఎట్లా లేపామో నాకు సరిగ్గా గుర్తులేదు. బీరన్న ఏడుస్తూ లేపాడు. రైల్లో వికారాబాద్ దవాఖానకు తీసుకుపోయాం. మోకాలి కింద కాలు తీసేశారు.

నాలుగో రోజు పటేలు వచ్చాడు. డ్రైవరు తొందరపడ్డాడని మొదలుపెట్టాడు. మేకు ఎక్కడుంది, ముందు అది చూపెట్టమన్నాను. వార్డులో అందరూ తలలు తిప్పి చూశారు. అరటిపళ్ళు మంచం మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ పళ్ళు నేనెవరికీ పెట్టలేదు, నేనూ తినలేదు.

ఆ సాయంత్రం నాయిన కళ్ళు తెరిచి, నా వైపు తిరిగాడు.

"బిడ్డా, నింపేటోళ్ళు గిప్పుడు ఎట్ల నింపుతున్నరు? ఎంత ముందుకు పేర్చాల్నో నీ మొగణ్ణి అడుగు."

బీరన్న మంచానికి అవతలి పక్కనే ఉన్నాడు. చెయ్యి చాపితే అందేంత దూరం. ఆయన తల వంచుకొని, మెల్లగా నాతోనే అన్నాడు.

"మీ నాయినకు చెప్పు, ఇరుసుకు ముందు పక్క సగం కన్న జర ఎక్కువ బరువు ఉండాల్నని."

 కాలు పోయింది. ఇంకా నన్నే మధ్యలో పెట్టి మాట్లాడుతున్నారు.

"నేను చెప్ప," అన్నాను. "ఆరుసార్లు చెప్పిన. ఇగ చచ్చినా మోయ. మీకు నోర్లు లేవా? మీరిద్దరే మాట్లాడుకోండ్రి."

నర్సమ్మ వచ్చి నెమ్మదిగా మాట్లాడమంది. నేను బయటికి వచ్చి తలుపు పక్కన గోడకు ఆనుకొని నిలబడ్డాను.  లోపల ఎంతకీ చప్పుడు లేదు. ఈ మొండి మనుషులు చీకటి పడేదాకా ఇట్లాగే ఉంటారనుకున్నాను. అయినా లోపలికి పోలేదు.

ఎంతోసేపటికి బీరన్న గొంతు వినిపించింది. 

"మామా. బండలు ముందుకు పేర్చాలె."

 ఎందుకు అని నాయిన అడిగాడు. బీరన్న చెప్పడం మొదలుపెట్టాడు. నేను అక్కడే గోడ పక్కన కూలబడి, కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చాను.