అరిచే బండి

టోక్టోరాలి తన మోటారు సైకిలుకి అలారం పెట్టించిన సంగతి ఆ కొండ మేత బయళ్ళలో మనుషులకంటే ముందు గొర్రెలకు తెలిసింది. గాలి గట్టిగా వీచినా, పొట్టేలు వచ్చి చక్రానికి ఒళ్ళు రుద్దుకున్నా అది గొంతు చించుకునేది. మంద చెల్లాచెదరయ్యేది.

అవతలి లోయలో ఎవడిదో బండి పోయిందట. ఆ వంకతో నారిన్ పట్నం బజారులో కొట్టున్న బావమరిది ఆ అలారం అంటగట్టాడు. "అక్క పోయాక నీకంటూ మిగిలింది ఈ బండే కదా బావా," అన్నాడు. సొంతవాళ్ళకి సరుకు అమ్మేటప్పుడే మనుషులకు ఇంత జాలి పుడుతుంది.

ఆ బండికి తాళంచెవి ఎప్పుడూ వేలాడుతూనే ఉండేది. కట్టేసిన గుర్రాన్ని పక్క గుడారంవాడు అవసరానికి విప్పుకుపోతే అక్కడ ఎవరూ ఏమీ అనుకోరు. బండికీ అదే లెక్క. వాగు అవతలి ఎసెన్‌కుల్ పిండికో ఉప్పుకో కింది ఊరికి పోవాలంటే వచ్చి ఎక్కి పోయేవాడు. తిరిగొచ్చి టోక్టోరాలి గుడారంలో కూలబడేవాడు.

"నీ బండి ముసలిది. నువ్వు దానికంటే ముసలోడివన్నా," అంటూ రొట్టె తుంచుకునేవాడు. వారం మొత్తంలో టోక్టోరాలి చెవిన పడే మనిషి గొంతు అదొక్కటే.

అలారం సంగతి ఎసెన్‌కుల్‌కి చెప్పాలని టోక్టోరాలికి తోచలేదు. తాళంచెవి కూడా అలవాటు కొద్దీ బండికే వదిలేశాడు.

ఒక పొద్దున బండి కేకలు పెట్టింది. టోక్టోరాలి కర్ర తీసుకుని బయటికి ఉరికాడు. "ఎవడ్రా దొంగ వెధవ?"

దారిన మంద తోలుకుపోతున్న ముగ్గురు ఆగి చూస్తున్నారు. ఎసెన్‌కుల్ హ్యాండిల్ మీంచి చేతులు తీసేశాడు.

"నేనే అన్నా. అమ్మకి ఊపిరాడట్లేదు. డాక్టరు కోసం."

"నువ్వా... ఉండు, ఉండు, దీన్ని ఆపుతా."

ఏ మీట నొక్కాలో వెంటనే తెలియలేదు. మోత ఆగేసరికి ఎసెన్‌కుల్ వాగు దాటేశాడు. గుర్రం మీదే పోయి డాక్టరును తెచ్చుకున్నాడు. ముసలమ్మ బతికింది.

నాలుగు రోజులాగి టోక్టోరాలి వాగు దాటి వాళ్ళ గుడారానికి వెళ్ళాడు.

"ఆ దిక్కుమాలినదాన్ని పీకేస్తాను తమ్ముడూ. నువ్వని తెలిస్తే అంటానా?"

"ఎందుకన్నా, ఉండనీ. దొంగలు తిరుగుతున్నారు మరి," అని ఎసెన్‌కుల్ నవ్వాడు. ఆ ముగ్గురూ ఈపాటికి ఆ మాట ఎన్ని గుడారాల్లో చెప్పుకుని ఉంటారో ఆ నవ్వులోనే తెలిసింది.

తర్వాత టీ పోశాడు. ఇంకాసేపు ఉండాలనుకునే అతిథికి అక్కడ సగం గిన్నె కూడా పోయరు, మళ్ళీ మళ్ళీ పోయాలి గనక; నిండా పోస్తే తాగి వెళ్ళమనే. ఎసెన్‌కుల్ అంచుదాకా నింపి, చుక్క ఒలక్కుండా, రెండు చేతులా అందించాడు.

టోక్టోరాలి నోరు కాలుతున్నా గబగబా తాగేసి లేచాడు.

ఇంటికొచ్చి తీగలన్నీ పీకి పారేశాడు. తాళంచెవి వేలాడదీశాడు. బండి ముక్కు వాగువైపు తిప్పి నిలబెట్టాడు.

అలారం పనికొచ్చిందా అంటే పనికొచ్చింది. ఆ వేసవంతా ఆ బండిని ఎవడూ ముట్టుకోలేదు. టోక్టోరాలి రోజూ పొద్దున్నే వెళ్ళి సీటు చూసుకునేవాడు. దాని మీద మంచు ఎక్కడా చెరగకుండా ఉండేది. అరచేత్తో తుడిచి, లోపలికొచ్చి, ఒక్క గిన్నెకు సరిపడా నీళ్ళు పొయ్యిమీద పెట్టుకునేవాడు.